నూనె మంచిదే, చెయ్యి ఇంకా మంచిది

నాట్ల రోజుల్లో మా ఓపీ గదిలోకి రోగి కంటే ముందు నీలగిరి తైలం వాసన వస్తుంది. నడుము పట్టేసినవారు, మెడ తిప్పలేనివారు, భుజం ఎత్తలేనివారు మొదట ఇంట్లో ఉన్న సీసా తీసి రుద్దుకుంటారు. అప్పటికీ తగ్గకపోతేనే మా దగ్గరకు వస్తారు. "ఏమైనా రాశారా?" అని అడిగితే తప్పు చేసినట్టు తల దించుకుంటారు. అలా సిగ్గుపడనక్కర్లేదని ముందే చెబుతున్నాము. కండరాల నొప్పికి నూనె రాసి మర్దన చేయడం మంచి పనే. అయితే ఏ నూనె, ఎంత, ఎవరికి, ఎప్పుడు అన్నది తెలిసి చేయాలి. తెలియక చేస్తే నొప్పి పోకపోగా ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు మేము చూశాము.

సుగంధ తైలం మన వంటనూనె లాంటిది కాదు. ఆకులు, మొగ్గలు, బెరడు, గడ్డి వంటివాటి గుండా ఆవిరి పోనిచ్చి, ఆ ఆవిరిని చల్లార్చితే నీటి నుంచి విడివడే ఘాటైన సారం అది. నీలగిరి తైలం మన జామాయిల్ జాతి చెట్ల ఆకుల నుంచి వస్తుంది. లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె, పుదీనా నూనె, లావెండరు నూనె కూడా ఇలాంటివే. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గాట్‌ఫోసే 1937లో రాసిన పుస్తకంతో వీటి వాడకానికి 'అరోమాథెరపీ' అన్న పేరు స్థిరపడింది. కానీ తెలుగువారికి ఈ వాసనలు అంతకు ముందే పరిచయం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లోనే బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. 1908లో ఆంధ్రపత్రికను స్థాపించింది కూడా ఆయనే.

ఇంతకీ ఈ తైలాలు ఎలా పనిచేస్తాయి? పుదీనా పువ్వు రాసినచోట చల్లగా అనిపిస్తుంది కదా, నిజానికి అక్కడ చర్మం చల్లబడదు. చలిని పసిగట్టే నరాల కొసలను అది తట్టి లేపుతుంది. మిరపకారం వేడిని పసిగట్టే కొసలను తట్టినట్టే ఇదీను. ఈ రహస్యం విప్పిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ చల్లదనం, వెచ్చదనం మెదడును చేరేసరికి లోపలి నొప్పి కాసేపు వెనక్కి తగ్గుతుంది. అంటే తైలం నొప్పిని మరిపిస్తుందే గాని, దాని కారణాన్ని తీసివేయదు.

మర్దన సంగతి వేరు. బిగుసుకున్న కండరాన్ని నెమ్మదిగా ఒత్తితే అది సడలుతుంది. మనసు కూడా కుదుటపడుతుంది. నడుము నొప్పికి మర్దనపై జరిగిన పరిశోధనలను కోక్రేన్ సంస్థ 2015లో సమీక్షించింది. కొద్దికాలం పాటు ఉపశమనం కనిపిస్తోంది గాని, ఆధారాలు అంత బలంగా లేవని తేల్చింది. మా అనుభవమూ ఇంచుమించు అదే. అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము: ఉపశమనంలో పెద్ద వాటా చేతిది, చిన్న వాటా సీసాది. వందల రూపాయలు పోసి చిన్న సీసా కొననక్కర్లేదు. గిన్నెలో నువ్వుల నూనె, పక్కన కాస్త తీరిక ఉన్న మనిషి ఉంటే చాలు.

వాసన ఇష్టమైతే కలుపుకోండి. 30 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో గాని కొబ్బరినూనెలో గాని 12 చుక్కలు మించకూడదు. సుగంధ తైలాన్ని నేరుగా చర్మంపై రాయకండి, బొబ్బలు రావచ్చు. కలిపిన నూనెను మొదట మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. దురద, ఎరుపు లేకపోతే వాడండి. అరచేతులు వెచ్చగా చేసుకుని, కాళ్లు చేతులకు గుండె వైపుగా, పది పదిహేను నిమిషాలు రుద్దండి. వెన్నుపూసల మీద నొక్కకండి, వాటికి రెండు పక్కలా ఉన్న కండరాలపైనే ఒత్తండి. రుద్దించుకునేవారికి బాధ కలిగితే బలం తగ్గించండి. అలవాటు లేని పని చేశాక ఒకటి నుంచి మూడు రోజుల వరకు ఒళ్లు నొప్పులు ఉండటం సహజం. ఆ రోజుల్లో పూర్తిగా మంచం ఎక్కకుండా కొంచెం నడవడం కూడా మందే.

ఇక జాగ్రత్తల మాట. ఒక రాత్రి రెండేళ్ల బాబును తల్లి చేతుల్లో వేసుకుని పరుగున వచ్చింది. నాయనమ్మ మోకాళ్లకు రాసుకునే కర్పూరం నూనె బాబు తాగేశాడు. దారిలోనే ఫిట్స్ వచ్చాయి. బిడ్డ బతికాడు. కానీ ఆ తల్లి మమ్మల్ని అడిగిన మాట ఇంకా గుర్తుంది: "చెట్ల మందే కదండీ, ఏమీ కాదనుకున్నాం." గన్నేరు కూడా చెట్టే! చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదనుకోవడమే ఈ విషయంలో పెద్ద ప్రమాదం.

వింటర్‌గ్రీన్ నూనె విషయం మరీ ముఖ్యం. అది దాదాపు అంతా మిథైల్ శాలిసిలేటే, అంటే ఆస్పిరిన్‌కు దగ్గరి బంధువు. ఒక్క చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు, 20కి పైగా ఆస్పిరిన్ మాత్రలతో సమానం. చిన్నపిల్లల ప్రాణం తీయడానికి అంతకంటే తక్కువే చాలు. నొప్పులకు రాసే చాలా బామ్‌లలో ఈ పదార్థం ఉంటుంది, పేరు చదివి చూడండి. గుండె కవాటం మార్చుకుని రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నవారు దీన్ని ఎక్కువగా రుద్దుకుంటే రక్తస్రావం కావచ్చు. డాక్టరును అడగకుండా వాడవద్దు. గర్భిణులకూ ఇదే మాట.

రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం ముక్కు దగ్గరా ఛాతీపైనా రాయకండి. ఊపిరి ఆడకపోవచ్చు. ఎవరైనా పిల్లలు తాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. బామ్ రాసినచోట వేడి కాపడం పెట్టకండి, గట్టిగా గుడ్డ చుట్టకండి, చర్మం కాలిపోతుంది. పాదాల్లో స్పర్శ తగ్గిన షుగరు రోగులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

కొన్ని నొప్పులకు అసలు రుద్దనే కూడదు. ఛాతీలో పట్టేసినట్టుండి ఎడమ చేతికో దవడకో నొప్పి పాకి, చెమటలు పడుతుంటే అది కండరం కాకపోవచ్చు, గుండె కావచ్చు. అప్పుడు నూనె సీసా కోసం వెతికే ఐదు నిమిషాలు కూడా విలువైనవే. ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. రుద్దితే ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. పడ్డాక వాచినచోట ఎముక విరిగిందేమో తేలేవరకు మర్దన వద్దు. నొప్పితోపాటు జ్వరం, కాళ్లలో తిమ్మిరి లేక బలహీనత, మూత్రం పట్టు తప్పడం ఉంటే వెంటనే రండి. ఏమీ లేకపోయినా రెండు వారాలకూ తగ్గని నొప్పిని ఒకసారి చూపించుకోండి.

ఇన్ని జాగ్రత్తలు చదివి నూనె గిన్నె అవతల పెట్టేస్తారేమోనని మాకు బెంగగానే ఉంది. మా ఉద్దేశం అది కాదు. పొలం నుంచి వచ్చిన అమ్మ నడుముకు కూతురు కాసేపు నూనె రాస్తే, ఏ మాత్రా ఇవ్వలేని ఊరట దొరుకుతుంది. ఎన్నాళ్లనుంచో ఎవరూ ముట్టుకోని ముసలివారి భుజాలకు అది మరింత అవసరం. ఆ అలవాటు మీ ఇంట్లో ఉండనివ్వండి. పని అయ్యాక సీసా మాత్రం పిల్లలకు అందకుండా పై అరలో పెట్టి, మూత బిగించడం మరచిపోకండి.