గ్రహణం ఎవరికి పట్టింది?

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. నేను మా అమ్మ కడుపులో ఏడో నెల. మామ్మ అమ్మని చీకటిగదిలో పడుకోబెట్టి, కదిలితే బిడ్డకి మొర్రి వస్తుందందిట. నా పెదవి చక్కగానే ఉంది. "నా మాట విన్నందుకే!" అని మామ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పుకుంది.

అదే వేళ మా పనిమనిషి, తనూ నిండు చూలాలే, వాళ్ళింట్లో కత్తిపీట ముందు కూచుని కూర తరుక్కుందిట. ఆవిడ కొడుకూ లక్షణంగా ఉన్నాడు. అది మాత్రం మామ్మ లెక్కలోకి రాలేదు. నమ్మకానికీ కళ్ళుంటాయి, తనకి కావలసిందే చూస్తాయి!

"పోనిద్దురూ, కాసేపు పడుకుంటే నష్టమేమిటి?" అంటారా? మొన్న ఆసుపత్రిలో చూశాను. మొర్రితో పుట్టిన పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న పిల్లని అత్తగారు నిలదీస్తోంది: "గ్రహణంనాడు ఏం తరిగావే?" ఆ పిల్ల తడుముకుని, "ఉల్లిపాయేమో అత్తయ్యా" అంది. అప్పటికి ఆరో నెలట.

బిడ్డ పెదవి తయారయ్యేది మొదటి రెండు నెలల్లోనేనండీ! ఆరో నెలలో తరిగిన ఉల్లిపాయ దాన్నేం చేస్తుంది? వంశపారంపర్యంతోపాటు కారణాలు చాలా ఉన్నాయి. చాలామందికి ఏడాదిలోపే ఆపరేషన్‌తో పెదవి సరిచేస్తారు. తల్లి మనసుకి వేసిన ముద్రని ఏ డాక్టరు చెరుపుతాడు?

ఆ లోపానికి గ్రహణం మొర్రి అని పేరు పెట్టిననాడే తల్లిమీద నేరం మోపేశాం. చేయని తప్పుని ఆ పిల్ల గుర్తు తెచ్చుకుంది చూశారూ, అసలు గ్రహణం అదీ!