రోగి కుడి, వైద్యుని కుడి

ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఒకరి కుడి ప్రక్క రెండవవారి ఎడమ చేతివైపున ఉండును. ఇంటిలో దీనివలన వచ్చెడి చిక్కు స్వల్పమే. వైద్యశాలలో అట్లు కాదు. తీసివేయవలసిన మూత్రపిండము కుడిదా, ఎడమదా అను విషయమున పొరపాటు జరిగినచో దిద్దుకొనుటకు వీలుండదు.

అందుచేత వైద్యశాస్త్రము ఒక కట్టుబాటు చేసికొన్నది. మనిషి నిటారుగా నిలిచి, ముఖమును, అరచేతులను ముందునకు త్రిప్పియున్నట్లు భావించి, ఆ మనిషి కుడినే కుడి యనియు, ఎడమనే ఎడమ యనియు చెప్పుదురు. రోగి బోర్ల పండుకొని యున్నను ఈ లెక్క మారదు. తలవైపే పై, పాదములవైపే క్రింద. ఎక్స్‌రే చిత్రమును కూడ రోగికి ఎదుట నిలిచినట్లే చూతురు గనుక, అందులో గుండె చూచువారి కుడి చేతివైపున అగపడును. తన గుండె ప్రక్కకు జరిగినదని ఎవరును బెదరనక్కరలేదు.

1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన భిలాయి ఉక్కునగరమున ఈ సంగతిని బోధించుట కష్టము కాదు. అచ్చట రైలు పట్టాలు తయారగును. రోలింగు మిల్లులలో పనిచేయువారు కుడి ఎడమలను విడిచి 'డ్రైవు సైడు', 'ఆపరేటరు సైడు' అందురు. మోటారు ఉన్న ప్రక్క డ్రైవు సైడు. కార్మికుడు ఎటు తిరిగి నిలిచినను అది డ్రైవు సైడే. యంత్రము విషయమున ఇంత జాగ్రత్త గలవారు ఆసుపత్రిలో మాత్రము 'ఈ ప్రక్క', 'ఆ ప్రక్క' అని చెప్పి ఊరకుండుట వింతయే.

పనికై వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు మరియొక చిక్కు కలదు. పాత తెలుగున దాపల యనిన ఎడమ ప్రక్క, వలపల యనిన కుడి ప్రక్క. హిందీలోనో, 'దాయా' యనిన కుడి. చెవికి దగ్గరగా నున్న ఈ మాటలు అర్థమున ఒకదానికొకటి విరుద్ధము. ఊరినుండి కొడుకు వద్దకు వచ్చిన వృద్ధురాలు 'దాపల నొప్పి' యనినచో, తెలుగు రాని నర్సు ఏమని వ్రాసికొనును? ఇంటివారు తర్జుమాకు తొందరపడక, ముందుగా ఆమె చేతిని నొప్పియున్న చోట పెట్టనీయవలెను. పిమ్మట ఆ ప్రక్క పేరును కాగితముపై పూర్తి మాటగా వ్రాయించుకొనవలెను. ఒక్క అక్షరముతో సరిపెట్టుట చాలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన శస్త్రచికిత్సా భద్రతా పట్టికయు ఇట్టిదే కోరుచున్నది. మత్తు ఇచ్చుటకు ముందే రోగి తన పేరును, జరుగబోవు చికిత్సను, చోటును ధ్రువపరుపవలెను; ఆ చోట గుర్తు పెట్టియుండవలెను. 'అంతయు డాక్టరుగారికి తెలియును' అని మిన్నకుండుటను కొందరు మర్యాదగా తలంతురు. ఆపరేషను బల్ల వద్ద ఆ మర్యాద పనికిరాదు. ఎవరును అడుగకున్నను రోగియే చోటు చూపి, గుర్తు పెట్టించుకొని లోనికి పోవలెను.