దండలు వేసింది చాలు, నివేదిక బయట పెట్టండి



డిసెంబర్ 8 వస్తే చాలు, మన మెయిల్ బాక్సులు కొవ్వొత్తుల బొమ్మలతో నిండిపోతాయి. 'జై హింద్' అని ఫార్వర్డ్ కొట్టేసి మన పనుల్లో మనం పడతాం. దీన్ని స్మరణ అంటారా?

2021లో ఆ రోజు సూలూరు నుంచి వెల్లింగ్టన్‌లోని స్టాఫ్ కాలేజీకి బయల్దేరిన ఎంఐ-17వీ5 హెలికాప్టర్ దిగడానికి కొద్ది నిమిషాల ముందు కూనూరు దగ్గర కూలింది. త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్, ఆయన భార్య సహా అందులో ఉన్న 14 మందిలో ఒక్కరూ దక్కలేదు. వారిలో మదనపల్లె దగ్గరి కురబలకోట మండలం నుంచి వెళ్లిన లాన్స్ నాయక్ సాయితేజ ఒకరు. 2023 మార్చిలో అరుణాచల్‌లో చీతా కూలి లెఫ్టినెంట్ కల్నల్ వినయ్ భానురెడ్డి, మే నెలలో కిష్త్వార్‌లో ధ్రువ్ ప్రమాదంలో సిరిసిల్ల జిల్లా టెక్నీషియన్ పబ్బల్ల అనిల్ పోయారు. పదిహేడు నెలల్లో ముగ్గురు తెలుగు బిడ్డలు. ఎక్కడా యుద్ధం లేదు.

మరి వీళ్లను చంపిందెవరు?

కూనూరు విషయంలో 2022 జనవరిలో చెప్పిందేమిటి? యంత్రలోపం లేదు, కుట్ర లేదు, నిర్లక్ష్యం లేదు. వాతావరణం హఠాత్తుగా మారి హెలికాప్టర్ మబ్బుల్లోకి పోయింది, పైలట్‌కు దిక్కు తెలియలేదు అని. 2024 డిసెంబర్‌లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో 2017-22 మధ్య జరిగిన 34 వైమానిక దళ ప్రమాదాల పట్టిక వచ్చింది. అందులో కూనూరుకు కారణం: 'మానవ తప్పిదం'. అంతే! పూర్తి విచారణ నివేదిక మాత్రం జనం ముందుకు రాలేదు.

మన ప్రొడక్షన్ సర్వర్ గంటసేపు పడిపోతే 'ఆపరేటర్ తప్పు' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటే మన మేనేజర్ ఊరుకుంటాడా? ఆ తప్పు జరగడానికి వీలు ఎలా కలిగింది, మళ్లీ జరగకుండా ఏం మార్చారు అని అడుగుతాడు. సర్వర్‌కున్న విలువ సైనికుడి ప్రాణానికి లేదా?

చనిపోయిన పైలట్ జవాబు చెప్పుకోలేడు. 1994లో స్కాట్లండ్‌లో చినూక్ కూలి 29 మంది పోతే బ్రిటన్ అధికారులు తప్పంతా పైలట్లదేనన్నారు. కుటుంబాలు పోరాడితే 2011లో గానీ ఆ మచ్చ తొలగలేదు.

'ఇవి రక్షణ రహస్యాలు' అనే పెద్దమనుషులు కొందరున్నారు. అమెరికా వైమానిక దళం రహస్య భాగాలు పక్కన పెట్టి పెద్ద ప్రమాదాల విచారణ నివేదికలు ప్రజలకిస్తోంది. దాని బలమేమైనా తగ్గిందా? రహస్యం కాపాడేది దేశాన్నా, కుర్చీలనా?

1960ల నాటి ఫ్రెంచి డిజైన్ చీతాలో మన పిల్లలను ఇంకా ఎందుకు ఎక్కించారని అడగడం సైన్యాన్ని అవమానించడం కాదు. అడగకపోవడమే అవమానం.

అందుకే ఈసారి ఫార్వర్డ్ మానండి. మీ సొంత ఊరి ఎంపీకి ఒక ఉత్తరం రాయండి: కూనూరు నివేదికలో బయట పెట్టదగ్గ భాగం ఎప్పుడు పెడతారో లోక్‌సభలో ప్రశ్న వేయమనండి. భారత పౌరసత్వం ఉన్నవారు ఫారం 6ఎ నింపి ఓటరుగా నమోదు కండి. ఓటున్నవాడి ఉత్తరానికి బరువెక్కువ.

పోయినవాళ్లు తిరిగి రారు. రేపు ఎక్కబోయేవాళ్లయినా క్షేమంగా దిగాలి.

జై హింద్.