తాళంచెవి ఎవరి చేతిలో?

వరంగల్ బస్సులో వచ్చి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర దిగి, నాచారం కంపెనీల్లో పనికి కుదిరిన మన పిల్లలను కిరాయి ఇంటి ముందు మొదట అడిగేది ‘జీతమెంత?’ అని కాదు, ‘మీరు ఏమోళ్ళు?’ అని. నిజం చెబితే అప్పటిదాకా ఖాళీగా ఉన్న గది ఉన్నట్టుండి నిండిపోతుంది. అందుకని కొందరు మాట దాటేస్తారు, కొందరు ఇంకో కులం పేరు చెప్తారు. వాళ్ళను అబద్ధాలకోరులనే హక్కు ఎవరికీ లేదు. అది మోసం కాదు, తల దాచుకోవడం.

‘దాచుకోవడానికి మన దగ్గర ఏముంది? గోప్యత అనేది ఉన్నోళ్ళ ముచ్చట’ అని మన కార్యకర్తలే కొందరు అంటుంటారు. తప్పు. గోప్యత ముందుగా కావాల్సింది మనకే. ఊళ్ళో వాడ ఎటువైపు ఉందో చూస్తే చాలు, మనమెవరమో తెలిసిపోతుంది. ఏం తిన్నాం, ఏ బట్ట కట్టాం, ఎవరి కొడుకు ఎవరి బిడ్డతో మాట్లాడాడు, అన్నిటికీ ఊరే కాపలా. పట్నం ఇచ్చిన స్వేచ్ఛలో సగం, జనంలో ఎవరికీ తెలియకుండా కలిసిపోగలగడమే. ఆ సగం ఇప్పుడు చేజారిపోతున్నది. చాయ్ బండి దగ్గర స్కానర్ మీద ఫోను పెట్టి పది రూపాయలు కొడితే బ్యాంకులో ఉన్న పేరు బయటపడుతుంది. ఇంటిపేరు చూసి కులం లెక్కగట్టే ఘనులకు మన దేశంలో కొదవా? ‘ఏమోళ్ళు?’ అని నోరు తెరిచి అడిగే శ్రమ కూడా తప్పింది.

పైసల సంగతీ అంతే. తాగొచ్చే మొగుడికి, వడ్డీకిచ్చేటాయనకు కనబడకుండా మన తల్లులు కొంగున ముడేసుకున్న నోట్లు, పోపు డబ్బాలో దాచిన నోట్లు, అవే వాళ్ళ స్వాతంత్ర్యం. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దు చేసి ఆ ముళ్ళన్నీ విప్పించారు. నల్లధనమోళ్ళు ఎంతమంది బయటపడ్డారో గాని, ఆడవాళ్ళ దాపుడు సొమ్ము మాత్రం నడి ఇంట్లోకి వచ్చింది.

ఇలాంటి పరిస్థితుల్లోనే బిట్‌కాయిన్ మాట మన బస్తీల దాకా వచ్చింది. అదేమిటో ముందు తెలుసుకుందాం. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో ఒకరు దాని నమూనా రాసి బయటపెట్టారు. ఆ మనిషి ఎవరో ఇప్పటికీ లోకానికి తెలియదు. 2009 జనవరిలో అది నడక మొదలుపెట్టింది. సూటిగా చెప్పాలంటే అదొక పద్దుల పుస్తకం. బ్యాంకులో పుస్తకం ఒకరి దగ్గరే ఉంటుంది. ఇది ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒక్కలాగే ఉంటుంది. ఒకరు కొట్టేస్తే పోదు, ఒకరు దిద్దితే చెల్లదు. నీ సొమ్ముకు తాళంచెవి ఒక రహస్య సంఖ్య. అది ఎవరి దగ్గరుంటే సొమ్ము వాళ్ళది. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలు దాటకుండా ముందే కట్టడి పెట్టారు.

సర్కారు ఇష్టమొచ్చినట్టు డబ్బు అచ్చేస్తే పేదోడి రూపాయి కరిగిపోతుందన్న సంగతి మనకు కొత్త కాదు. బాబాసాహెబ్ 1923లోనే ‘రూపాయి సమస్య’ పుస్తకంలో రూపాయల జారీకి కచ్చితమైన హద్దు ఉండాలని వాదించారు. అంత మాత్రాన ఆయనను బిట్‌కాయిన్ వ్యాపారులు తమ జేబులో వేసుకుంటామంటే కుదరదు. భూమి, బీమా, మూల పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలని 1947లో రాసింది కూడా ఆయనే.

మరి ఇది ఉద్యమాలకు పనికొస్తుందా? నైజీరియాలో 2020 అక్టోబరులో పోలీసు దౌర్జన్యాల మీద జనం తిరగబడ్డప్పుడు, గాయపడ్డవాళ్ళకు, జైలుపాలైనవాళ్ళకు చందాలు పోగుచేసిన ఆడపిల్లల సంఘం బ్యాంకు దారులు మూతపడ్డాయి. వాళ్ళు బిట్‌కాయిన్ రూపంలో చందాలు తీసుకుని పని ఆగకుండా చూసుకున్నారు. 1991లో చుండూరులో ఊచకోతకు ముందు మనవాళ్ళ మీద పెట్టింది సాంఘిక బహిష్కరణే కదా! కూలి లేదు, అంగట్లో సరుకు లేదు. ఒక మీట నొక్కి ఖాతా స్తంభింపజేయడం ఆ బహిష్కరణకు కొత్త రూపం. దాన్ని దాటే దారి ఒకటి లోకంలో ఉందని తెలిసి ఉండడం మంచిదే.

కానీ రెండో ముఖం కూడా చూడాలి. 2021 నవంబరులో ఒక్కో బిట్‌కాయిన్ సుమారు 69 వేల డాలర్లు పలికింది. ఏడాది తిరిగేసరికి 16 వేల దరిదాపుకు పడిపోయింది. నాచారం కార్మికుడి పీఎఫ్ డబ్బు దాంట్లో పెడితే ఏమయ్యేది? పైగా అది గుట్టుగా ఉండేదీ కాదు. ఆ పద్దు పుస్తకాన్ని ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూడవచ్చు. మన దేశంలో బజారులో కొనాలంటే పాన్ కార్డు ఇవ్వాల్సిందే. 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, అమ్మితే 1 శాతం కోత. తాళంచెవి పోతే మొరపెట్టుకోను ఆఫీసు లేదు. ఇక దాని పేరు చెప్పి ‘మూడు నెలల్లో రెట్టింపు’ అంటూ బస్తీల్లో తిరిగే గొలుసుకట్టు దళారులైతే పాత చిట్‌ఫండ్ దొంగలకు తమ్ముళ్ళు.

కాబట్టి మేమనేది ఒకటే: జూదం వదిలేద్దాం, తాళం నేర్చుకుందాం. బిట్‌కాయిన్‌ను నిలబెట్టిన గణితానికి దగ్గరి చుట్టమే సిగ్నల్, వాట్సాప్ సందేశాలకు కాపలా కాస్తున్నది. పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప నడుమ ఉన్న కంపెనీ కూడా చదవలేదు. అది పైసా ఖర్చు లేని విద్య. 2020లో అప్పుల యాప్‌లు ఏం చేశాయో తెలంగాణ చూసింది. ఫోనులోని నంబర్లన్నీ లాక్కుని, చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీసి, మనుషులు ప్రాణాలు తీసుకునేదాకా తెచ్చాయి. ‘అనుమతించు’ అని అడిగినచోటల్లా వేలు పెట్టకపోవడం కూడా ఆత్మగౌరవ పోరాటంలో భాగమే.

అయితే తాళం ఒక్కటే కాపాడదు. 2021 అక్టోబరులో గంజాయి వెతుకుతున్నామని హైదరాబాదు పోలీసులు దారిన పోయేవాళ్ళను ఆపి వాట్సాప్ చాటింగులు చూశారు. 2018 ఆగస్టు 28న మన పక్కనే తార్నాకలోని ఇఫ్లూలో దళిత ఆచార్యుడు కె. సత్యనారాయణ ఇంట్లో పుణె పోలీసులు సోదా చేసి కంప్యూటర్ సామగ్రి పట్టుకుపోయారు. దేవుళ్ళ ఫొటోలు లేకుండా ఫూలే, అంబేద్కర్ ఫొటోలెందుకున్నాయని అడిగారని ఆయనే చెప్పారు. లాఠీ పట్టుకుని ‘ఫోను తెరువు’ అంటే ఏ గణితం అడ్డుపడుతుంది? అక్కడ అడ్డుపడాల్సింది చట్టం, చట్టం వెనక సంఘం. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా చెప్పారు. 2023లో వివరాల రక్షణ చట్టం తెచ్చినవాళ్ళు, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే దొడ్డిదారి అందులోనే పెట్టుకున్నారు.

‘కులగణన కావాలన్నది మీరే, ఇప్పుడు గోప్యత అంటారేం?’ అని అడిగేవాళ్ళకు మా జవాబు: లెక్క వేరు, నిఘా వేరు. తెలంగాణ సర్వేలో ఎస్సీలు 17.43 శాతం అని తేలింది. ఆ అంకె మన వాటా అడగడానికి. ఫలానా ఇంట్లో ఫలానా మనిషి కులం, అప్పు, జబ్బు ఎవడో ఒకడు మీట నొక్కి చూడడానికి కాదు.

ప్రతి సంఘమూ ఒక సాయంత్రం దీనికి కేటాయించాలి. అత్యాచార కేసుల్లో బాధితుల పేర్లు, ఫొటోలు గ్రూపుల్లో తిప్పడం మానాలి. ఫోనుకు తాళం వేయడం, అనవసర అనుమతులు తీసేయడం తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు నేర్పాలి. రాతపూర్వక ఉత్తర్వు లేకుండా పోలీసులు ఫోను అడగకూడదని, మన వివరాలు ఏ శాఖ దగ్గర ఎన్నున్నాయో మనకు చెప్పాలని సర్కారును నిలదీయాలి. వాళ్ళ ఫైళ్ళకు బీరువాలు, మన బతుకులకు తలుపులు కూడా లేకపోవడం ఇంకెన్నాళ్ళు?

జై భీమ్!