అవ్వ ఒడిలోని బడిని మూసివేసింది మనమే



మన తెలుగు సభలలో ఏటేటా వినబడే మాట ఒకటున్నది: "ప్రభుత్వం మన తెలుగును చంపుతున్నది." నేనూ ఆ మాట అన్నవాడినే, అర్జీల మీద సంతకాలు చేసినవాడినే. అందులో నిజం లేదని చెప్పబోవడం లేదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున పదో తరగతి వరకు తమిళాన్ని తప్పనిసరి చేసింది. హోసూరు ప్రాంతంలో తరతరాలుగా తెలుగులో చదువుకున్న కుటుంబాల పిల్లలకు అది ఎంత దెబ్బో నాకు తెలుసు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం 1956 నుండి చెబుతూనే ఉన్నది. దానిని అడగవలసిందే, అడుగుతూనే ఉందాం.

అయితే ఈనాటి నా ప్రశ్న ప్రభుత్వానికి కాదు, మీకూ నాకూ. సాయంకాలం ఆరు గంటలకు మీ ఇంట్లో అవ్వ ఏం చేస్తున్నది? మనుమరాలు ఏం చేస్తున్నది? అవ్వ టీవీ ముందు కూర్చున్నది. మనుమరాలు ట్యూషనుకు పోయింది, లేదా ఫోను పట్టుకుని మూలన కూర్చున్నది. ఇద్దరి నడుమ ఆరడుగుల దూరం. తెలుగు ఆ ఆరడుగులలోనే చచ్చిపోతున్నది. దీనికి ఏ చట్టం కారణం? ఏ మంత్రి కారణం?

ముందుగా నా తప్పు చెప్పుకొంటాను. కొన్నేళ్ళ క్రితం మూడో తరగతిలో, ఇంట్లో ఆడే ఆట పేరు చెప్పమన్నాను. ఒక పాప ఉత్సాహంగా లేచి "ఓమనగుంటలు" అన్నది. "తప్పు, వామనగుంటలు అనాలి" అన్నాను. పిల్లలు నవ్వారు. పాప కూర్చున్నది. పది రోజుల తరువాత ఆమె అవ్వ బడి గేటు దగ్గర నన్ను ఆపి, "సార్, నా మాటలన్నీ తప్పంట, పాప నాతో ఆడేది మానేసింది" అన్నది. కోపంగా అనలేదు, తనదే నేరమన్నట్టు అన్నది. ఆ సాయంత్రం నిఘంటువు తెరిచి చూశాను. ఓమనగుంటలు అన్న మాట అందులో ఉన్నది. తప్పు అవ్వది కాదు, నాది. ఒక్క దిద్దుబాటుతో ఆ ఇంటి తెలుగు బడిని నేను మూసివేశాను. మరునాడు తరగతిలో ఆ మాట సరైనదేనని చెప్పాను గాని, పాప నోరు మళ్ళీ తెరుచుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఆ బడి ఎంత గొప్పదో ఒకసారి చూడండి. వామనగుంటలకు కొయ్యపీటే అక్కరలేదు. మట్టిలో వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలు గుంటలు తీస్తే చాలు. గుంటకు నాలుగు చింతగింజలు పోస్తే మొత్తం 56. ఒక గుంటలోవి తీసి వరుసగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక, తరువాతి గుంటలోవి తీసి మళ్ళీ సాగాలి. అది ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి గెలుచుకోవాలి. ఖర్చు? చారు పెట్టుకున్నాక పారవేసే గింజలు. లాభం? ఒకటి, రెండు, మూడు అని అంకెలను తెలుగులో లెక్కపెట్టడం. మన పిల్లలు ఇతర మాటలు తెలుగులో పలికినా అంకెలు వచ్చేసరికి తమిళానికో ఇంగ్లీషుకో పోతారని మీరెరుగుదురు. ఎక్కాల పుస్తకం మాన్పలేని ఆ అలవాటును చింతగింజలు మాన్పగలవు.

అష్టాచెమ్మ తీసుకోండి. సుద్దముక్కతో నేల మీద అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్ళు గీయండి. గవ్వలు లేకపోతే చింతగింజలను ఒకవైపు తెల్లబడేదాకా బండ మీద అరగదీయండి. అది తాతా మనుమడూ కలిసి చేయదగిన పని. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. వెల్లకిల, బోర్లా, పందెం, వంతు, తొండి: ఈ మాటలను పుస్తకంలో చదివించి, అర్థం రాయించి, పరీక్ష పెట్టి నేర్పడానికి నాకు వారం పడుతుంది. మరుసటి వారానికి పిల్లలు మరచిపోతారు. ఆటలో ఒక్క పూట చాలు. "నువ్వు తొండి చేశావు తాతా" అని అరిచిన పిల్లవాడు ఆ మాటను జన్మలో మరువడు.

పులిజూదంలో మూడు పులులు, 15 మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పెడుతూ పోవాలి. పులి మేక మీదుగా ఖాళీ చోటికి దూకి దానిని చంపుతుంది. కదలకుండా కట్టివేస్తే పులి ఓడుతుంది. రెండు రంగుల రాళ్ళుంటే చాలు. "ఇక్కడ పెడితే పులి దూకుతుంది, అక్కడ పెడితే దూకలేదు" అని పిల్లవాడు తనకు తానే ఆలోచించుకుంటాడు. చేదర్థకమని పేరుపెట్టి నల్లబల్ల మీద మనం నెలల తరబడి నేర్పేది అదే కదా!

ఆటలే కాదు, చేతిపనులూ అంతే. జొన్న దంటు ఒలిచి, లోపలి బెండును ముక్కలు చేసి, పైతొక్కను మేకులుగా గుచ్చితే బండి అవుతుంది, కళ్ళజోడు అవుతుంది. కొబ్బరాకు చుడితే బూర. చెరువు మట్టితో ఎడ్ల జత. పాత చీర పేలికలతో బొమ్మ. అవ్వ చేయి పనిచేస్తూ ఉంటే నోరు ఊరకుండదు. ఆ నోటి నుండి వచ్చేదే మాతృభాష.

2023లో కేంద్ర ప్రభుత్వం మూడు నుండి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం "జాదూయీ పిటారా" పేరిట బొమ్మలు, ఆటలు, కథల పెట్టెను విడుదల చేసింది. ఆటపాటలతోనే తొలిచదువు సాగాలని పెద్దలు ఇప్పటికైనా గుర్తించారు, సంతోషం. కాని ఆ పెట్టెను చూసి చప్పట్లు కొట్టే మనం, అటువంటిదే మన అవ్వ కొంగుముడిలో ఉన్నదని మరచాము. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మన కోసమే పుట్టినట్టున్నది.

తల్లిదండ్రులు నాతో చెప్పే అభ్యంతరాలు తెలుసు. "ఆటలకు మార్కులు రావు సార్" అంటారు. రావు. అయితే ఇంట్లో నోట పలకని భాషలో మార్కులు ఎలా వస్తాయి? అక్షరాలకు ముందు మాట ఉండాలి. మాట లేని పిల్లకు అక్షరం వట్టి బొమ్మ. "మాది అచ్చమైన తెలుగు కాదు, కన్నడమూ తమిళమూ కలిసిన తెలుగు" అంటారు. కలిసే ఉంటుంది, మూడు భాషల కూడలిలో బ్రతుకుతున్నాము గనుక. మన వామనగుంటలే తమిళుల పల్లాంగుళి, కన్నడిగుల అళిగుళి మణె. మన పులిజూదమే వారి ఆడుపులి ఆట. ఆటలు ఇరుగుపొరుగువారితో పంచుకున్నప్పుడు చిన్నబోని మనం, మాటలు పంచుకున్నందుకు సిగ్గుపడటం ఎందుకు? "మా అమ్మానాన్నలు ఊరిలో ఉన్నారు" అంటారు. పక్కింటి అవ్వ లేదా? వేసవి సెలవులు లేవా? ఆ సెలవులను కూడా శిబిరాలకు అమ్మివేసింది ఎవరు?

ఉపాధ్యాయ మిత్రులారా, మనకూ కొంత పని ఉన్నది. వారానికి ఒక్కరోజు కాపీరాత ఇంటిపనిని మానివేసి, "ఈ రాత్రి అవ్వతోనో తాతతోనో ఒక ఆట ఆడి, ఎవరు గెలిచారో రేపు చెప్పు" అనండి. నెలకొకసారి ఒక అవ్వనో తాతనో తరగతికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆమె మాటను పిల్లల ఎదుట దిద్దకండి. పుస్తకంలోని మాటను పక్కన రాసి, "అవ్వ ఇలా అంటుంది, పుస్తకం ఇలా అంటుంది, రెండూ మనవే" అని చెప్పండి. నేను ఆ పాపకు మొదటిరోజే చెప్పవలసిన మాట అది.

తెలుగు ఉపాధ్యాయుని పోస్టు కోసం పోరాడదాం, పాఠ్యపుస్తకాల కోసం పోరాడదాం. కాని ఆ పోస్టు వచ్చేసరికి తెలుగు మాట్లాడే పిల్ల మిగిలి ఉండాలి కదా! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవడానికి మనకు కావలసింది గుప్పెడు చింతగింజలు, ఒక సుద్దముక్క, ఒక అవ్వ. చింతగింజలు ఎప్పుడైనా దొరుకుతాయి. అవ్వ ఎప్పటికీ ఉండదు. ఈ సాయంకాలమే టీవీ కట్టివేసి, ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టండి.