బిడ్డ కనిపించని వాఙ్మూలాలు

దంపతులు విడిపోయి, బిడ్డ ఎవరి వద్ద పెరగాలన్న వివాదం న్యాయస్థానానికి చేరినప్పుడు తల్లిదండ్రులు ప్రమాణపూర్వకంగా ఒక వాఙ్మూలం దాఖలు చేస్తారు. వాడుకలో దానినే అఫిడవిట్ అంటాము. అటువంటివాటిని తెలుగు నుండి ఆంగ్లంలోకి మార్చే పని నాకు తరచుగా తటస్థిస్తూ ఉంటుంది. భర్త దుర్మార్గం, భార్య అహంకారం, కట్నకానుకల లెక్కలు వాటి నిండా ఉంటాయి. బిడ్డ పేరు మొదటి పేరాలో ఒకసారి, చివరి ప్రార్థనలో ఒకసారి కనిపిస్తుంది. నడుమ ఎక్కడా ఆ బిడ్డ అన్నం తినదు, బడికి వెళ్ళదు, నిద్రపోదు.

చట్టం చూపు మాత్రం బిడ్డ మీదనే. హిందువులకు వర్తించే 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 13వ సెక్షన్ మైనరు క్షేమమే సర్వప్రధానమని విధించింది. పిల్లలు తల్లిదండ్రులకు ఆస్తీ కారు, ఆటబొమ్మలూ కారని 1973లో రోజీ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఆంగ్ల సాహిత్యం చదువుకున్నందువల్ల విశేషణాలంటే నాకు మక్కువే. కాని ఈ పత్రాలలో వాటికి విలువ లేదు. ‘తండ్రికి పాప మీద శ్రద్ధ లేదు’ అన్నది అభిప్రాయం. ‘ఈ విద్యా సంవత్సరంలో బడిలో మూడుసార్లు తల్లిదండ్రుల సమావేశం జరిగింది, మూడింటికీ నేనే వెళ్ళాను, రిజిస్టరులో సంతకాలున్నవి’ అన్నది సంగతి. న్యాయమూర్తి దానిని సరిచూడగలరు.

మన భాషలో మరొక చిక్కు ఉన్నది. ‘పాపను మేనత్త కొట్టిందట’ అని వ్రాస్తారు. వ్రాసినవారు చూడలేదనీ, విన్నారనీ ఆ చివరి ‘అట’ చెప్పకనే చెబుతుంది. ఆంగ్లంలో అంత చిన్న ప్రత్యయం లేదు. అనువాదకుడు ఏమరితే విన్న మాట కాస్తా కన్న సంగతి అయిపోతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ ఆర్డరులోని 3వ నియమం ప్రకారం అఫిడవిట్ స్వయంగా ఎరిగి రుజువు చేయగల విషయాలకే పరిమితం కావాలి. మధ్యంతర దరఖాస్తులలో నమ్మికను చెప్పవచ్చుగాని, దానికి ఆధారం చూపాలి. కనుక ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో వ్రాయవలసిందే. కర్త లేని వాక్యాలూ మనకు అలవాటే. ‘బడికి పంపలేదు’ అంటే ఎవరు పంపలేదు? ఏ రోజున?

ముందుగా బిడ్డ దినచర్య వ్రాసుకోండి. ఉదయం లేపేది ఎవరు, జడ వేసేది ఎవరు, బడి ఎంత దూరం, జ్వరం వస్తే ఏ వైద్యుని వద్దకు, టీకాల కార్డు ఎవరి వద్ద ఉన్నది, అమ్మమ్మో నాయనమ్మో ఇంట్లో ఉన్నారా, తోబుట్టువులు కలిసి ఉండగలరా. ఎదుటివారి మంచినీ వదలరాదు. ప్రతి ఆదివారం తండ్రి ఈతకు తీసుకుపోతే, పాప ఆ రోజుకై ఎదురుచూస్తుంటే, అదీ పాపకు సంబంధించిన సంగతే. ఇది వ్రాయడానికి చాలామందికి చేయి రాదు. హింస జరిగి ఉంటే దాచమని నా భావం కాదు. తేదీ, చోటు, ఆ వేళ బిడ్డ ఎక్కడున్నదీ తప్పక వ్రాయాలి. వైద్యుని చీటీ ఉంటే జతపరచాలి.

ఆలోచించి ఇష్టాన్ని చెప్పగల వయసు బిడ్డకు ఉంటే, ఆ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చునని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతున్నది. అది చూసి పిల్లలకు మాటలు నూరిపోసేవారున్నారు. ఏడేళ్ల పాప నోట ‘మానసిక క్షోభ’ అన్న మాట వస్తే, ఎవరు నేర్పారో న్యాయమూర్తికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ప్రార్థన. ‘బిడ్డను నాకు ఇప్పించవలెను’ అని ముగిస్తే చాలదు. ఎదుటివారిని బిడ్డ ఏయే రోజులలో, ఎన్ని గంటల నుండి ఎన్ని గంటల వరకు కలుసుకోవాలో, ఎవరు తీసుకువెళ్ళి ఎక్కడ దింపాలో, సంక్రాంతి, దసరా సెలవులు ఎవరి వద్దనో, ఇప్పటి బడి కొనసాగుతుందా లేదా అన్నదీ వ్రాయండి.