స్పీకర్ పెట్టె ఆకారం మార్చండి, లోపలి చోటు తగ్గించకండి

పోస్టు కాస్త పొడుగైంది, ఓపికగా చదవండి.

మన సంఘం గదిలో హోమ్ థియేటర్ పెట్టి, పెద్దవాళ్ళకు పాత సినిమాలు చూపిద్దామన్న ఆలోచన చాలా బాగుంది. కానీ గది ఇరుకుగా ఉంది కాబట్టి స్పీకర్ పెట్టెలను వెనక నుంచి కోయించి గోడ గూళ్ళలో దూర్చేద్దామన్న సలహాకు నేను ఒప్పుకోను. మన మిద్దె ఇళ్ళ పడసాలల్లో కూడా ఇదే పని జరుగుతోంది. అందుకే అందరి ముందూ పెడుతున్నా.

పెట్టె అందం కోసం ఉన్నది కాదు. స్పీకర్ కోన్ ఆడుతుంటే లోపలి గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. చోటు తగ్గితే ఆ స్ప్రింగు బిగుసుకుపోతుంది. అసలైన బేస్ పోయి, వట్టి "బుమ్ బుమ్" మిగులుతుంది. ఆ మోతలో డైలాగు మునిగిపోతుంది. పెద్దవాళ్ళకు మాట అర్థం కాక సౌండ్ పెంచమంటారు, పక్కింటివాళ్ళు తగ్గించమంటారు. ఈ లెక్కలను ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లోనే రాశారు. 1970లలో రిచర్డ్ స్మాల్ వాటిని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు.

మరి ఆకారం మార్చకూడదా? నిక్షేపంగా మార్చవచ్చు. లోపలి కొలతలు 30 × 40 × 25 సెంటీమీటర్లయితే 30 లీటర్లు. లోతు 15 మాత్రమే కావాలా? ఎత్తు 40, వెడల్పు 50 చేయండి, అవే 30 లీటర్లు. గది మూలలో పెట్టాలా? రెండు వైపులా 40 చొప్పున త్రికోణం తీసుకుని ఎత్తు 37.5 పెట్టండి, అప్పుడూ 30 లీటర్లే. పైగా ఎదురెదురు గోడలు లేని పెట్టెలో మోత తక్కువ. అన్ని వైపులా సమానంగా ఉండే ఘనాకారం మాత్రం వద్దు.

వడ్రంగికి చెప్పాల్సినవి నాలుగే. కొలతలు లోపలివి తీసుకోవాలి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మందం అందులో కలవకూడదు. స్పీకర్ వెనక మాగ్నెట్ పట్టేంత లోతు ఉండాలి. ముందు పలకపై పెద్ద స్పీకరుకూ ట్వీటరుకూ మధ్య దూరం మార్చకూడదు. గాలి రంధ్రం గొట్టం పొడవు అలాగే ఉంచాలి, అది గూడు వైపు కాక గది వైపు తెరుచుకోవాలి. కంపెనీ నుంచి కొన్న కొత్త స్పీకర్లను మాత్రం కోయకండి, వారంటీ పోతుంది. గదికి తగ్గ సైజువే కొనండి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? ఇది బళ్ళారి రాఘవ గారి (1880–1946) ఊరు. తెలుగులోనూ కన్నడంలోనూ నాటకాలాడిన మనిషి. మనం ముందుగా చూడాలనుకుంటున్న సినిమాల్లో ఆయన నటించిన రైతుబిడ్డ (1939) ఉంది. ఆ కాలపు సినిమాకు ఉన్నది ఒకే శబ్దమార్గం, అందులో ప్రాణం మాటే. నాలుగు కుర్చీలు ఎక్కువ పట్టాలని ఆ మాటనే పోగొట్టుకుంటే థియేటర్ ఎవరికోసం?

కాబట్టి నా మనవి: కొత్త పెట్టెలు అదే లీటర్లతో కట్టించుకుందాం, లేదా ఒక వరుస కుర్చీలు తగ్గించుకుందాం. వచ్చే మీటింగులో నిర్ణయించే ముందు, మీ ఇంటి స్పీకర్లో ఒక పాత సినిమా డైలాగు సౌండ్ తగ్గించి విని రండి. ఎవరి అభిప్రాయమైనా వేరుగా ఉంటే కింద రాయండి, మాట్లాడుకుందాం.